ఫ్రెంచ్ ఇంటిపేరు లెఫెవ్ర్: తల్లికీ తండ్రికీ అదే పేరుంటే ఒకే వంశమా?

కోడుమూరు చిన్నాయన (కర్నూలు) అడుగుతున్నారు:

అందరికీ నమస్తే. ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు, అక్కడి ఇంటిపేర్ల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఓపిగ్గా చదివి చెప్పండి. మా ఇంట్లో ఒక పెళ్లి దీని దగ్గరే ఆగిపోయింది.

మా అన్న కూతురు లీల్‌లో ఉద్యోగం చేస్తోంది. ఫ్రాన్స్ ఉత్తర కొసన, బెల్జియం సరిహద్దును ఆనుకుని ఉంటుంది ఆ ఊరు. తనతో పనిచేసే అబ్బాయినే ఇష్టపడింది. సంక్రాంతికి అబ్బాయి కర్నూలు వచ్చి మా ఇంట్లోనే దిగాడు. నెమ్మదస్తుడు. పొద్దున్నే మా అన్నతో పాటు పాలకు పోయేవాడు. ఉగ్గానిలోకి బజ్జీ ఇంకోటి అడిగి మరీ పెట్టించుకునేవాడు. మొదట్లో కాదన్న మా వదినే, అబ్బాయి తిరిగి వెళ్లేసరికి ముహూర్తాల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

రిజిస్ట్రేషన్ ఇక్కడే చేయిద్దామని కాగితాలు తెప్పించాం. అబ్బాయి బర్త్ సర్టిఫికెట్ వచ్చింది. అందులో తండ్రి ఇంటిపేరు లెఫెవ్ర్ (Lefebvre). తల్లి పేరు పక్కన కూడా లెఫెవ్ర్ అనే ఉంది. పెళ్లయ్యాక మొగుడి పేరు పెట్టుకుందేమో అనుకుని పాపకు ఫోన్ చేసి అడిగాను. "కాదు చిన్నాయనా, అది ఆమె పుట్టింటి పేరే. ఇక్కడ ఇట్లాంటి కాగితాల్లో ఆడవాళ్లకు పుట్టింటి పేరే రాస్తారు" అంది.

ఆ మాట మా అమ్మ చెవిన పడింది. అమ్మకు ఎనభై దాటాయి, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. "ఇద్దరిదీ ఒకే ఇంటిపేరంటే దాయాదులే గదా. అన్నాచెల్లెండ్లకు పెండ్లి చేసుకునే వంశమా అది? అట్లాంటి ఇంటికి పిల్లనెట్లా ఇస్తార్రా?" అని పట్టుకుంది. మా అన్న నోరు విప్పడం లేదు. పాప అక్కడ ఏడుస్తోంది. అబ్బాయేమో "మా అమ్మా నాన్నా చుట్టాలు కారు, మా వైపు ఈ పేరు ఊరూరా ఉంటుంది" అంటున్నాడు. అబ్బాయి అబద్ధం చెప్తాడని నేను అనుకోవడం లేదు. కానీ అమ్మకు నచ్చజెప్పాలంటే ఆ మాట ఒక్కటి చాలదు.

ఈ పేరు ఎక్కడిది, ఎట్లా పుట్టింది? ఒకే పేరున్నంత మాత్రాన ఒకే వంశం అవుతారా? అబ్బాయి తల్లిదండ్రుల మనసు నొప్పించకుండా వాళ్ల పూర్వీకుల సంగతి తెలుసుకునే దారి ఉందా? దయచేసి తెలిసినవాళ్లే రాయండి.

పెన్నా ఒడ్డు (కడప):

చిన్నాయన గారూ, మీ అమ్మగారు అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. మన లెక్క ప్రకారం ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ములు, ఆ ఇళ్ల మధ్య పెళ్లి మాటే ఎత్తం. కానీ లెఫెవ్ర్ అనే పేరుకు ఈ లెక్క కుదరదు. దాని అర్థం కమ్మరి.

నేను పుదుచ్చేరిలో ఫ్రెంచ్ చదివి, లీల్‌లో కొన్నేళ్లు ఉండి వచ్చాను. ఇప్పుడు కడపలో పిల్లలకు ఫ్రెంచ్ చెప్తున్నాను. కాబట్టి ఆ పక్క ఊళ్లు నేను తిరిగినవే.

లాటిన్‌లో ఫాబెర్ అంటే లోహపు పని చేసేవాడు. పాత ఫ్రెంచ్‌కు వచ్చేసరికి అది ఫెవ్ర్ అయింది. దాని ముందు 'ల' చేర్చి 'ఆ కమ్మరి' అని పిలిచేవాళ్లు. ఇవాళ ఫ్రాన్స్‌లో కమ్మరిని ఎవరూ ఫెవ్ర్ అనరు, ఫోర్జెరోఁ అంటారు. పాత మాట ఇంటిపేర్లలో మిగిలింది, బంగారుపని చేసేవాళ్లను పిలిచే ఓర్ఫెవ్ర్ అనే మాటలో మిగిలింది.

ఇంటిపేర్లు అక్కడ సుమారు 12 నుంచి 14వ శతాబ్దం మధ్య స్థిరపడ్డాయి. అంతకుముందు మనిషికి బాప్తిస్మం నాడు పెట్టిన ఒక్క పేరే. జనం పెరిగారు గానీ పేర్లు పెరగలేదు. వీధికి నలుగురు పియెర్‌లు, నలుగురు జాఁలు. పన్నులు రాసే గుమాస్తాకు ఏ పియెర్ ఎవరో తెలియాలి. దాంతో గుట్ట మీది పియెర్ డ్యుమోఁ అయ్యాడు, పొట్టి పియెర్ పెతీ అయ్యాడు, కొలిమి దగ్గరుండే పియెర్ లెఫెవ్ర్ అయ్యాడు. ఊరంతా సేద్యగాళ్లే అయినప్పుడు 'సేద్యగాడు పియెర్' అంటే గుర్తు దొరకదు. కమ్మరి మాత్రం ఊరికి ఒక్కడే, మహా అయితే ఇద్దరు. ఆ ఒక్క మాటతో మనిషి తెలిసిపోతాడు. అందుకే వందల ఊళ్లలో, ఒకరికొకరు సంబంధం లేని వందల కొలుముల దగ్గర, ఇదే పేరు విడివిడిగా పుట్టింది. ఒకే మూలపురుషుడి నుంచి కొమ్మలుగా విస్తరించిన పేరు కాదు.

ఇంకో సంగతి కూడా అమ్మగారికి చెప్పండి. ఈ పేరు ఫ్రాన్స్ అంతటా ఒకే రూపంలో లేదు. ఏ సీమలో ఏ మాట మాట్లాడితే అక్కడ కమ్మరి ఇంటిపేరు ఆ మాటలోనే ఉంటుంది. ఉత్తరాన, అంటే లీల్ ఉన్న నోర్, దాని పక్క పా ద కలే, సొమ్, అటు నార్మండీ దాకా లెఫెవ్ర్. దక్షిణాన ఓక్సితాన్ మాట్లాడే చోట ముందు 'ల' ఉండదు, అక్కడ ఫాబ్ర్, ఫోర్. పురుగుల జీవితాన్ని అంత ప్రేమగా పరిశీలించిన జాఁ ఆంరీ ఫాబ్ర్ దక్షిణాదివాడే. 1895లో దేశాధ్యక్షుడైన ఫెలిక్స్ ఫోర్ ఇంటిపేరుకూ ఇదే మూలం. ఆల్ప్స్ కొండల వైపు సవోయ్‌లో, స్విట్జర్లాండ్‌లో ఫావ్ర్. తూర్పునున్న ఫ్రాంష్ కోంతేలో ఫేవ్ర్. నైరుతి మూలనున్న గాస్కనీలో మాట మొదట వచ్చే 'ఫ' కాస్తా 'హ' అవుతుంది కాబట్టి హోర్ అనే రూపం ఉంది. పడమటి కొసన బ్రెటన్ మాట్లాడే బ్రిటనీలో ల గోఫ్. తూర్పున జర్మన్ యాస ఉన్న అల్సాస్‌లో ష్మిట్. మన సీమ కమ్మరి, కన్నడ సీమ కమ్మార ఎట్లాగో ఇవీ అట్లాగే. ఒక్క ఇంటి నుంచి పుట్టి పాకిన పేరైతే ఇట్లా భాషల హద్దుల దగ్గర తెగి వేరే మాటగా మారదు కదా.

ఈ రూపాలన్నిట్లో లెఫెవ్ర్‌కే జనం ఎక్కువ. ఫ్రాన్స్ మొత్తంలో ఎక్కువమందికి ఉండే మొదటి ఇరవై ఇంటిపేర్లలో ఇదొకటి. దక్షిణాది కమ్మరులు రకరకాల రూపాల్లో చీలిపోయారు, ఉత్తరాన ఒక్క రూపమే బలంగా నిలబడింది. పైగా 19వ శతాబ్దంలో ఉత్తరాన బొగ్గు గనులు, రూబే, తూర్‌కువాఁ బట్టల మిల్లులు వచ్చి జనం కిక్కిరిసిపోయారు. ఆ సీమ పేర్లు కూడా వాళ్లతో పాటే పెరిగాయి.

నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తాను. అక్కడ ప్రతి ఊళ్లోనూ 1914–18 యుద్ధంలో పోయిన వాళ్ల స్మారక స్తంభం ఉంటుంది. మా స్నేహితురాలి ఊళ్లో చర్చి ముందరే ఉంది. రాతి మీద పేర్లు అక్షరక్రమంలో చెక్కారు. 'ఎల్' దగ్గరికొస్తే లెఫెవ్ర్, దాని కింద లెఫెవ్ర్, దాని కింద మళ్లీ లెఫెవ్ర్. పక్కనున్న చిన్న పేర్లు మాత్రమే వేరు. వీళ్లందరూ అన్నదమ్ములా అని అడిగితే ఆమె ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ చెప్పింది: ఈయన మిల్లు ఇంటి వాళ్లు, ఈయన కాలువ అవతలి వాళ్లు, ఈయన తాత బెల్జియం నుంచి వచ్చాడు అని. బెల్జియంలో ఫ్రెంచ్ మాట్లాడే ఎనో ప్రాంతంలో కూడా ఈ పేరు బాగా ఉంది.

మీ అబ్బాయి చెప్పింది నిజమే అయ్యుంటుంది. లీల్ చుట్టుపక్కల ఒక లెఫెవ్ర్, ఇంకో లెఫెవ్ర్‌ను పెళ్లి చేసుకోవడం వింతేమీ కాదు.

పత్తికొండ కొలిమి:

అన్నా, నాది కమ్మరి ఇల్లు కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది. పైన అక్క చెప్పింది మీ అమ్మకు అర్థం కావాలంటే ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదు. మన జిల్లానే చూపించండి.

మన కర్నూలు, అనంతపురం వైపు ఆధార్ కార్డులు తీస్తే ఇంటిపేరు దగ్గర కమ్మరి, బోయ, కురువ, వడ్డె, ఈడిగ అని ఎంతమందికి ఉంటుందో మీకు తెలియంది కాదు. మాకు అసలు ఇంటిపేరు వేరే ఉంది. మా నాయనను బడిలో చేర్పించినప్పుడు అయ్యవారు "కమ్మరోళ్ల పిల్లోడు" అని అదే రాసుకున్నాడట. అప్పటి నుంచి కాగితాల్లో మేం కమ్మరి. ఆలూరులో ఉన్న కమ్మరోళ్లకూ మాకూ రక్తసంబంధం లేదు, వాళ్లకూ కాగితంలో కమ్మరే. మా అక్కను ఇచ్చింది అట్లాంటి ఇంటికే. పెండ్లి పత్రికలో రెండు వైపులా కమ్మరి అని అచ్చయింది. మా పెద్దోళ్లు కాగితంలో పేరు చూసి సంబంధం కలపరు, చూసి మానుకోరు. అసలు ఇంటిపేరు, గోత్రం అడుగుతారు.

కమ్మరికి ఊళ్లో పేరెందుకు నిలుస్తుందో కూడా చెప్తా. నా చిన్నప్పుడు ఏరువాక దగ్గర పడితే మా కొలిమి ముందు తెల్లారకముందే కర్రులు వరసగా పెట్టిపోయేవాళ్లు. అరిగిన కర్రును బొగ్గుల్లో పెట్టి నేను తిత్తి ఊదేవాణ్ణి. ఎర్రబడి, ఇంకొంచెం తెల్లబడే ముందర నాయన పటకారుతో తీసి దాగలి మీద పెట్టేవాడు. చిన్నాయన సమ్మెట, నాయన సుత్తి. నాయన సుత్తి ఎక్కడ తాకితే సమ్మెట అక్కడ పడాలి, నోటితో చెప్పేది లేదు. మొన సాగదీసి, మళ్లీ కాల్చి, కొస మాత్రం నీళ్లలో ముంచేవాడు. ఆ ముంచడంలోనే ఉంది పనంతా. మొత్తం ముంచితే రాయి తగిలినప్పుడు పుటుక్కున విరుగుతుంది, ముంచకపోతే రెండు చాళ్లకే వంగుతుంది. రంగు చూసి తీసేవాడు నాయన. డబ్బులు ఉండేవి కావు, కళ్లంలో మేర కొలిచేవాళ్లు, జొన్నలో శెనక్కాయలో. ఆ కర్రు లేకపోతే ఊళ్లో సేద్యం లేదు. అందుకే ఏ దేశంలోనైనా కమ్మరిని ఆ పనితోనే పిలిచి ఉంటారు. ఇంగ్లీషోళ్ల స్మిత్ అదే, అరబ్బుల్లో హద్దాద్ అదే, హంగేరీలో కొవాచ్ అదే.

ట్రాక్టర్లు వచ్చినాక కొలిమి ఆరిపోయింది. నేను ఇప్పుడు డోన్‌లో వెల్డింగ్ షాపు పెట్టుకున్నా. పేరు మాత్రం పోలేదు. ఆ అబ్బాయి కర్నూలు వస్తే మా షాపుకు తీసుకురాండి అన్నా. నాయన దాగలి ఇంకా ఉంది, చూపిస్తా.

అనంతపురం టు మాంట్రియల్:

ఇక్కడ కెనడాలోని క్యూబెక్‌లో కూడా ఈ పేరు ఎక్కువే. మా పిల్లల బడిలోనే ఇద్దరు ముగ్గురున్నారు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి ఇక్కడికి వలస వచ్చిన వాళ్లలో సంబంధం లేని లెఫెవ్ర్‌లు చాలామంది. ట్రువా రివియేర్ అనే ఊళ్లో 1640ల నాటికే ఒక కుటుంబం ఉంది. ఒకరినొకరు గుర్తుపట్టడానికి పేరుకు ఇంకో పేరు తగిలించుకున్నారు. లెఫెవ్ర్ డి బులాంజే, లెఫెవ్ర్ డి విల్‌మ్యూర్, లెఫెవ్ర్ డి దెకోతో, ఇట్లా. 'డి' అంటే 'అనబడే'. బులాంజే అంటే రొట్టెలు చేసేవాడు. అంటే కమ్మరి అనే ఇంటిపేరున్న రొట్టెలాయన! పేరుకూ పనికీ సంబంధం అప్పటికే తెగిపోయిందని దాన్ని బట్టే తెలుస్తుంది. తర్వాత తరాల్లో కొందరు లెఫెవ్ర్ వదిలేసి రెండో పేరే ఉంచుకున్నారు. కాబట్టి ఇక్కడ పేరు ఒకటైనా వంశం వేరు కావచ్చు, పేర్లు వేరైనా వంశం ఒకటే కావచ్చు. రెండూ జరిగాయి.

సరిహద్దు దాటి అమెరికాకు పనులకు పోయిన వాళ్ల పేరు ఇంకా మారింది. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా రాశాడు: లఫేవ్, లెఫీవర్. కొందరు ఏకంగా బీన్ అయ్యారు. ఫ్రెంచ్‌లో 'ఫెవ్' అంటే చిక్కుడు గింజ, అట్లా అనుకుని తర్జుమా చేసేశారు. న్యూయార్క్ రాష్ట్రంలో న్యూ పాల్ట్స్ అనే ఊరిని 1677–78లో స్థాపించిన కుటుంబాల్లో కూడా లెఫెవ్ర్‌లు ఉన్నారు. వాళ్లు మత హింస తట్టుకోలేక ఫ్రాన్స్ వదిలిన ప్రొటెస్టెంట్లు.

కొండారెడ్డి బురుజు:

పని పేరుతో ఇంటిపేరు అంటే ఒకటి గుర్తొచ్చింది. మన కర్నూలు కోటను 1751లో పట్టుకున్న ఫ్రెంచ్ సేనాని బుస్సీ ఉన్నాడు కదా, రాయచోటి దగ్గర నిజాం ముజఫర్ జంగ్ చనిపోయాక సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించి ఇటుగా వచ్చినవాడు. బుస్సీ అనేది బిరుదుతో వచ్చిన పేరు. ఆయన అసలు ఇంటిపేరు పాతిసియే, అంటే తీపి వంటలు చేసేవాడు. ఆయన పుట్టింది స్వాసోఁ ప్రాంతంలో, అది కూడా ఉత్తర ఫ్రాన్సే. చరిత్ర పుస్తకాల్లో ఇంటిపేరు వదిలేస్తారు, నాకు తెలిసి మన ఊరికి వచ్చిన ఫ్రెంచ్ వాళ్లలో ఆయన పేరే ఎక్కువ వినపడుతుంది కాబట్టి చెప్పాను.

కోడుమూరు చిన్నాయన:

అందరికీ చేతులెత్తి దండం. పత్తికొండ తమ్ముడు రాసింది అమ్మకు చదివి వినిపించాను. "అవునురా, మన కోడుమూర్లో బోయోళ్లు అందరూ అదే రాసుకుంటారు గదా" అని చాలాసేపు ఆలోచించింది. సగం మెత్తబడింది. కానీ "అయితే వాళ్ల అసలు ఇంటిపేరు ఏమి?" అని ఇప్పుడు కొత్తగా అడుగుతోంది.

ఇంకో చిక్కు. పాప అడిగితే అబ్బాయి వాళ్లమ్మ తన తాత పెళ్లి కాగితం ఫోటో పంపింది. అందులో ఆయన ఇంటిపేరు Lefèvre అని ఉంది, మధ్యన 'బి' అక్షరం లేదు. ఆమె పేరులో ఉంది. ఇది వేరే పేరా, అదే పేరా? బి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ వేరు వేరు వంశాలని అమ్మకు చెప్పొచ్చా?

పెన్నా ఒడ్డు (కడప):

బి మీద ఆధారపడకండి చిన్నాయన గారూ. అది పలికే అక్షరమే కాదు. జనం నోట్లో ఎప్పుడూ ఫెవ్రే. మధ్యయుగం చివర్లో లాటిన్ వచ్చిన రాయసగాళ్లు, మూలమాట ఫాబెర్ కదా అని, రాతలో ఒక బి తెచ్చి పెట్టారు. అప్పట్లో 'యు'కూ 'వి'కీ ఒకటే అక్షరం కావడంతో కొందరు దాన్ని లెఫెబ్యూర్ అని చదివారు, అట్లా చదవగా చదవగా ఆ రూపం కూడా ఒక ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఒకే మనిషికి బాప్తిస్మం నాడు బి ఉండి, పెళ్లినాడు లేకుండా, చనిపోయిననాడు మళ్లీ ఉండటం పాత రిజిస్టర్లలో మామూలే. ఏ అక్షరం పడుతుందన్నది ఆ రోజు కలం పట్టుకున్న వాడి ఇష్టం. 1794 ఆగస్టులో విప్లవ ప్రభుత్వం చట్టం చేసింది: జనన పత్రంలో ఉన్న పేరు తప్ప వేరే పేరు ఎవరూ పెట్టుకోకూడదని. అప్పటి నుంచి మెల్లగా స్పెల్లింగ్ కుదురుకుంది. ఆడవాళ్లకు కాగితాల్లో పుట్టింటి పేరే ఉండటానికి కూడా ఆ చట్టమే మూలం. మొగుడి పేరు వాడుకలో పెట్టుకోవచ్చు, చట్టం దృష్టిలో మాత్రం పుట్టిన పేరే చివరిదాకా.

అమ్మగారు అసలు ఇంటిపేరు అడిగారు. అక్కడ దీని వెనక ఇంకో పేరు లేదు, గోత్రమూ లేదు. వాళ్లు చూసుకునేది రక్తం. ఈ విషయంలో వాళ్ల కట్టడి తక్కువేమీ కాదు, ఇది అమ్మగారికి తప్పకుండా చెప్పండి. 1215లో రోమ్‌లో క్రైస్తవ మతపెద్దలు జరిపిన లాటరన్ సభ నాలుగో తరం చుట్టరికం దాకా పెళ్లి కూడదని తీర్మానించింది. అంతకుముందు ఏడు తరాల దాకా నిషేధం ఉండేది. పెళ్లికి ముందు చర్చిలో ప్రకటన చేయాలి, ఆ ఊళ్లో ఎవరికైనా చుట్టరికం తెలిస్తే లేచి చెప్పాలి. దూరపు చుట్టరికానికి పెద్ద పాదిరి దగ్గర మినహాయింపు తెచ్చుకుంటే ఆ మాట పెళ్లి రిజిస్టర్లోనే రాసేవాళ్లు. ఇవాళ్టి ఫ్రెంచ్ చట్టంలో కూడా మేనమామ మేనకోడలిని చేసుకోవడానికి వీల్లేదు. బలమైన కారణం చూపిస్తే దేశాధ్యక్షుడు ఒక్కడే అనుమతి ఇవ్వగలడు. మా పెద్దమ్మను సొంత మేనమామకే ఇచ్చారని లీల్‌లో మా ఇంటి యజమానురాలికి చెబితే ఆమె చాలాసేపు నా వైపే చూస్తూ ఉండిపోయింది. మనకు ఇంటిపేరు ఒకటైతే తప్పు, మేనరికం మంచిది. వాళ్లకు ఇంటిపేరు పట్టింపు లేదు, మేనమామ తప్పు. మీ వియ్యాలవారు మన గురించి ఇట్లాగే కంగారు పడే రోజు రావచ్చు, ఇప్పుడే ఇద్దరూ చెప్పుకుంటే మంచిది.

ఇక పూర్వీకుల సంగతి. అడగడానికి మొహమాటపడకండి. ఆ దేశంలో వంశవృక్షం తయారు చేసుకోవడం చాలామందికి ఇష్టమైన కాలక్షేపం. "మా పెద్దావిడ మీ తాతముత్తాతల గురించి తెలుసుకోవాలంటోంది" అంటే సంతోషిస్తారే తప్ప నొచ్చుకోరు. పైగా ఆధారాలు దొరుకుతాయి. 1539లో అక్కడి రాజు ఇచ్చిన విలేర్ కోత్రె శాసనంతో చర్చిలు బాప్తిస్మాలు రాయడం తప్పనిసరి అయింది. 1667 నుంచి రెండేసి ప్రతులు. 1792లో ఆ పని పాదిరీల నుంచి ఊరి మేయర్ కార్యాలయాలకు మారింది. జిల్లాల ఆర్కైవ్స్ ఇవన్నీ ఫోటోలు తీసి ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టాయి. పెళ్లి నమోదు పట్టుకుంటే చాలు, అందులో వధూవరుల ఇద్దరి తల్లిదండ్రుల పేర్లు, ఊర్లు ఉంటాయి. దాన్నుంచి పై తరం పెళ్లి వెతకాలి, అట్లా మెట్టు మెట్టుగా ఎక్కొచ్చు. పదేళ్లకొకటి చొప్పున అక్షరక్రమ పట్టికలు కూడా ఉన్నాయి. 75 ఏళ్లు దాటని జనన, వివాహ నమోదులు బయటివాళ్లకు చూపించరు గానీ సొంత వారసులు అడిగితే మేయర్ ఆఫీసు ఇస్తుంది. నాలుగు తరాలు పైకి వెళ్లి రెండు వైపులా ఊర్లు వేరైతే మీ అమ్మగారి సందేహం తీరినట్లే. ఒకవేళ ఎక్కడో దూరాన కలిసినా ఆ రిజిస్టరే చెప్తుంది, దాచడానికి ఏమీ ఉండదు.

కోడుమూరు చిన్నాయన:

మీ మాట ప్రకారమే పాపతో అడిగించాను. అబ్బాయి వాళ్ల నాన్న ఎంత సంబరపడ్డాడంటే, వాళ్ల అన్న అప్పటికే వంశవృక్షం గీసి పెట్టుకున్నాడట, మొత్తం పంపించారు. తండ్రి వైపు వాళ్లది ఆమియాఁ పక్కన సొమ్ జిల్లాలో పల్లెటూరు, అందరూ సేద్యగాళ్లు. తల్లి వైపు వాలెన్సియెన్ దగ్గర, గనుల్లో పనిచేసినవాళ్లు. ఆరు తరాల దాకా ఒక్క ఊరు కూడా కలవలేదు. రెండు వైపులా ఎవరూ కమ్మరిపని చేసిన దాఖలా లేదు.

పాప ఫోన్లో ఒక్కొక్క పేరూ చదువుతుంటే అమ్మ వేళ్ల మీద లెక్కబెట్టుకుంది. వాళ్ల తాతమ్మల పుట్టిళ్ల పేర్లు కూడా అడిగి చెప్పించుకుంది. ఆఖరికి "సరే, లగ్నం పెట్టించండి" అంది. మేనమామ సంగతి మా అన్న వియ్యంకుడికి వీడియో కాల్‌లో చెప్పాడు, మా అమ్మానాయనలదే మేనరికం కాబట్టి. ఆయన మా అమ్మను చూపించమని అడిగి నమస్కారం పెట్టాడు.

ఇంకొక్క సాయం. శుభలేఖలో వాళ్ల ఇంటిపేరు తెలుగులో ఎట్లా రాయించాలి? గోత్రం దగ్గర ఏమి వేయాలి?

పెన్నా ఒడ్డు (కడప):

చాలా సంతోషం చిన్నాయన గారూ. లెఫెవ్ర్ అని రాయించండి. ప్రెస్సుకు సర్టిఫికెట్ జిరాక్స్ ఇవ్వకండి, అది చూసి లెఫెబ్వ్రే అని అచ్చేస్తారు. తెలుగులో మీరే రాసివ్వండి. గోత్రం వరుస వరుడి వైపు తీసేసి, ఆ చోట ఊరి పేరు వేయించండి. తల్లి పేరు ముందు కూడా లెఫెవ్ర్ వారి ఆడపడుచు అని వేస్తే ఆమెకు గౌరవంగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద అయితే నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, లగ్నం తేదీ అది చూసుకుని పెట్టించండి. ఫ్రెంచ్ కాన్సులేట్ నుంచి అబ్బాయి పెళ్లికి అర్హుడని ఇచ్చే సర్టిఫికెట్ కూడా తెప్పించుకోవాలి, దానికి టైం పడుతుంది. ఆ దరఖాస్తు ఈ వారమే పెట్టించండి.